సున్నపు గోడమీద చుక్క

గత నెలలో సుశీలక్క పెద్దకర్మకి మాచర్ల వెళ్ళాను. షామియానా కింద బల్లమీద ఆమె ఫోటో పెట్టి దండ వేశారు. ఆ ఫోటోలో అక్క కెమెరా వైపు కాక కొంచెం పక్కకి చూస్తూ ఉంటుంది. తెలియనివాళ్ళు ఎవరో పక్కనుంచి పిలిచారనీ, అటు తిరిగేలోపు ఫోటో తీసేశారనీ అనుకుంటారు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దావిడ, "పాపం, చూపు లేకపోయినా వంటంతా తనే చేసుకునేదమ్మా, ఉప్పు కూడా సరిగ్గా పడేది" అంది. ఆ వీధివాళ్ళకి అక్క అంటే అదే. చేత్తో గోడ తడుముకుంటూ వంటింట్లోకి నడిచే ఆవిడ. నాకు మాత్రం విస్తరి ముందు కూర్చున్నంతసేపూ ఒక పదహారేళ్ళ పిల్ల గుర్తొస్తూనే ఉంది. నల్లబోర్డు ముందు, చేతిలో సుద్దముక్కతో, జడ వెనక్కి విసిరేసి నిలబడ్డ పిల్ల. ఆ పిల్లని చూసినవాళ్ళం ఆ పందిట్లో ఇద్దరమో ముగ్గురమో ఉన్నాం.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. నా చిన్నతనమంతా నడికుడి రైల్వే క్వార్టర్స్‌లో గడిచింది. క్వార్టర్స్ గోడ అవతలే అద్దె ఇంట్లో కోటయ్య మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. మా నాన్నకంటే పెద్దవారు గనక నాకు పెదనాన్న, ఆయన భార్య పెద్దమ్మ. వాళ్ళ పిల్లలు శ్రీనన్న, సుశీలక్క. వేరే కులం, వేరే ఊరు, అయినా మాకు వరసలు అట్లాగే ఉండేవి. గోడకి మధ్యలో ఒక రాయి ఊడిపోయిన కంత ఉండేది, అందులోంచి మా అమ్మా పెద్దమ్మా కూర గిన్నెలు మార్చుకునేవారు. వాళ్ళ ఇంటినుంచి వచ్చే గిన్నెలో ఎక్కువసార్లు పొన్నగంటి కూరే ఉండేది. పప్పులో వేసినా, వేపుడు చేసినా, వెల్లుల్లి ఎంత దట్టించినా ఆ పచ్చి ఆకు వాసన పోయేది కాదు. కంటికి మంచిదని ఎవరో చెప్పారట. అది లేనిరోజు మునగాకు. ఆ ఇంట్లో వంట ఎందుకట్లా ఉండేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు, పెద్దమ్మకి ఆకుకూరలంటే ఇష్టం కాబోలనుకునేదాన్ని. ఎండాకాలం మిరపకాయలు ఎండబోసినప్పుడు వీధి వీధంతా దగ్గుతూ ఉండేది. పిడుగురాళ్ళ వైపునుంచి గాలి తిరిగితే సున్నపు బట్టీల పొగ వచ్చేది. పెదనాన్న మాత్రం వాకిట్లో నులకమంచం మీద కూర్చుని సుద్దముక్కల్ని నీళ్ళలో ముంచి, తీసి, కాయితం మీద ఆరబెట్టుకునేవారు. అట్లా చేస్తే పొడి రాలదట. ఆరినవాటిని చొక్కా జేబులో వరసగా పెట్టుకుంటే ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

సాయంత్రాలు ఆయన మాకు ఇంట్లో చెప్పేవారు. ఆ ఇంటి ముందుగదిలో నేలకి చదరపు నాపరాళ్ళు పరిచి ఉండేవి. మా గ్రాఫు కాయితం అదే. గది మధ్యలో రాళ్ళ అతుకుల వెంట అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత బొగ్గుతో గీసేవారు. ఒకటి ఎక్స్, ఒకటి వై. చుక్కలకి బదులు చింతగింజలు. "వై ఈజ్ ఈక్వల్ టు రెండు ఎక్స్ ప్లస్ ఒకటి" అనేవారు. ఎక్స్ సున్నా అయితే వై ఒకటి, అక్కడో గింజ. ఎక్స్ ఒకటైతే వై మూడు, ఒక రాయి పక్కకి జరిగి మూడు రాళ్ళు పైకి వెళ్ళి అక్కడో గింజ. రెండైతే అయిదు. గింజలన్నీ పెట్టాక సుశీలక్క గది మూలకి పోయి ఒక కన్ను మూసి చూసేది. గింజలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే లెక్క సరిపోయినట్టు. నాలాంటి తొందరపాటుది రెండు గింజలు పడగానే గీత గీసేయబోతే పెదనాన్న చెయ్యి పట్టుకునేవారు. "ఆగవే. గీత ఎటు పోద్దో నీకు తెలుసనుకోబాక. ఇంకో చుక్క పెట్టి దాన్నడుగు" అనేవారు.

అట్లా అడగడం ఎందుకో రెండు పవర్ ఎక్స్ చేసిన రోజు తెలిసింది. అది మా పుస్తకంలో లేదు, ఆయన సరదా కొద్దీ చెప్పారు. ఎక్స్ సున్నా అయితే ఒకటి, ఒకటైతే రెండు, రెండైతే నాలుగు. ఇంతవరకూ బుద్ధిగానే ఉంది. మూడైతే ఎనిమిది, గింజ గడప దగ్గరకి వెళ్ళింది. నాలుగైతే పదహారు, వాకిట్లోకి దిగింది. బయట రాళ్ళు లేవు గనక సుశీలక్క ఒక పుల్లని రాయి కొలతకి విరిచి దాంతో కొలుచుకుంటూ వెళ్ళింది. అయిదుకి ముప్పై రెండు, గింజ రోడ్డుమీద పడింది. ఆరుకి అరవై నాలుగు అనగానే అక్క పుల్ల పట్టుకుని రోడ్డు దాటి రైలు కట్ట వైపు పోతూ కనిపించింది. ఎదురొచ్చిన పెద్దమనిషి "ఏమే, ఏం పారేసుకున్నావే?" అని అడగడం మాకు వినిపించింది. పెదనాన్న గడపలో నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తర్వాత మమ్మల్ని మళ్ళీ లోపలికి పిలిచి ఎడమ పక్క చూపించారు. ఎక్స్ సున్నాకంటే తగ్గేకొద్దీ వై సగమవుతుంది, ఆ సగంలో సగమవుతుంది. గింజలు అడ్డగీతకి దగ్గరగా, ఇంకా దగ్గరగా జరిగాయి. "తాకుద్దా నాన్నా?" అని అడిగింది అక్క. "తాకదు. తగ్గతానే ఉంటది" అన్నారాయన.

ఆ రోజుల్లోనే పొద్దు వాలకముందే లాంతరు వెలిగించమని ఆయన కేకేసేవారు. వెలిగించాక వత్తి పెంచమనేవారు. పెద్దమ్మ విసుక్కుంటూనే పెంచేది. చెంబు చేతికందించాలిగానీ పక్కన పెడితే కాలితో తన్నేసేవారు. వీధిలో పలకరించినవాళ్ళకి జవాబివ్వకపోతే మాస్టారికి పొగరని అనుకునేవారు. పక్కనుంచి వచ్చినవాళ్ళు ఆయనకి కనపడేవారు కాదని ఎవరికి తెలుసు? ఊళ్ళో డాక్టరు రేచీకటి అన్నాడు, చుక్కల మందిచ్చాడు. గుంటూరులో చూపిస్తే నరాల బలహీనత అన్నారట. పేరేదైనా మందు మాత్రం పొన్నగంటి కూరే.

స్కూల్లో ముందుగా పట్టేసింది సుశీలక్కే. అప్పుడు తను పదో తరగతి, పెదనాన్న వాళ్ళకే గ్రాఫులు చెబుతున్నారు. బోర్డుమీద ఆయన పెట్టిన చుక్కలు ఒక వరసలో రాలేదు. ఆయన గీత గీస్తే అది చుక్కల్ని వదిలేసి తన దోవన తను పోయింది. వెనకబెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క లేచి బోర్డు దగ్గరకెళ్ళి, "సార్, చుక్కలు నేను పెడతా, మీరు చెప్పండి" అని ఆయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుందట. స్కూల్లో ఆమె కూడా ఆయన్ని సార్ అనే పిలిచేది. ఆ రోజునుంచి ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, అక్క పెట్టడం. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. కాలేజీలో చేరాల్సిన పిల్ల చేరలేదు. "ఒక్క ఏడాదే, నాన్నని స్కూలుకి దింపి వచ్చేదానికి మనిషి కావాలి" అంది. శ్రీనన్న ఇంటర్ తప్పి ఖాళీగానే ఉన్నాడు. దింపడానికైతే సరిపోతాడుగానీ గ్రాఫులు వేయలేడు కదా. అట్లా నేను తొమ్మిదికి వచ్చేసరికి మా బోర్డు ముందు అక్క నిలబడి ఉండేది. జీతం లేదు, పేరు లేదు. హెడ్‌మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

అంత బాగా చెప్పేవాళ్ళని తర్వాత కాలేజీలో కూడా నేను చూడలేదు. ఆయన గొంతు, ఆమె చెయ్యి. "మైనస్ రెండు కాడ ఎంత?" అని ఆయన అడిగేలోపే చుక్క పడేది. చుక్క పడ్డ చప్పుడుని బట్టే అది సరైన చోట పడిందో లేదో ఆయనకి తెలిసేది. "ఇంకొంచెం పైకి పెట్టావేమో చూడు" అంటే అక్క చూసి, నవ్వి, చీరకొంగుతో తుడిచి కిందికి పెట్టేది. అప్పటికే లంగా ఓణీ మానేసి చీర కట్టేది, టీచరమ్మలా కనపడాలని.

నేను పదిలో ఉండగా తనిఖీకి జిల్లానుంచి ఒక ఆఫీసరు వచ్చారు. బయటి మనిషి క్లాసులో ఉండకూడదని హెడ్‌మాస్టరు అక్కని వరండాలో నిలబడమన్నారు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఆఫీసరు వెనక బెంచీలో మా మధ్యే కూర్చుని, "కానివ్వండి మాస్టారూ" అన్నారు. పెదనాన్న లేచారు. ఆ రోజుకోసం ఇంట్లో సాధన చేశారని తర్వాత తెలిసింది. బోర్డు కింద సుద్దముక్కలు పెట్టే గట్టుని చేత్తో తడిమి, అక్కడినుంచి నాలుగు వేళ్ళ వెడల్పుని ఒక కొలతగా పెట్టుకుని, రెండు ఎక్స్ ప్లస్ ఒకటి వేశారు. చుక్క, చుక్క, చుక్క. గీత తాడు కట్టి లాగినట్టు వచ్చింది. మేమంతా ఊపిరి వదిలాం. ఆయన అక్కడితో ఆపి ఉంటే ఆ రోజు గడిచిపోయేది. ఆయన ముఖం వెలిగిపోయింది. చాలాకాలానికి తన చేత్తో తను వేసిన గీత. "ఇప్పుడు పిల్లలకి రెండు పవర్ ఎక్స్ చూపిస్తాను సార్" అన్నారు. కిటికీ దగ్గర అక్క దగ్గింది. ఆయన విన్నారు, తల కొంచెం అటు తిరిగింది కూడా. అయినా ఆగలేదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. చెయ్యి నాలుగేసి వేళ్ళు కొలుచుకుంటూ బోర్డుమీద పైకి ఎక్కుతోంది. మా బోర్డుకి చెక్క చట్రం లేదు, గోడకే నల్లరంగు పూసినది. ఆగమని చెప్పే అంచు ఆయన వేళ్ళకి తగల్లేదు. పదహారో కొలత బోర్డు దాటిపోయి పైన సున్నం గోడమీద పడింది. మునివేళ్ళమీద లేచి అక్కడ చుక్క పెట్టారు. తెల్లగోడమీద తెల్ల చుక్క మాకెవరికీ కనపడలేదు. ఆయన కింది చుక్కలు కలుపుకుంటూ వంపుని తీసుకెళ్ళారు, అది నల్లరంగు అంచుదాకా వచ్చి మాయమైంది. ఎవరూ నవ్వలేదు. ఇటు తిరిగి చేతులు దులుపుకుంటూ, "చూశారుగా, ఎంత తొందరగా లేచిందో" అన్నారు.

ఆఫీసరు నెమ్మదిగా లేచి ముందుకి వెళ్ళారు. "మాస్టారూ, ఆఖరి చుక్క ఎక్కడుందండీ?" అని అడిగారు. పెదనాన్న చెయ్యెత్తి తడుముకోకుండా వేలు పెట్టారు. "ఇక్కడే సార్." ఆఫీసరు చాలాసేపు ఆ గోడవైపే చూశారు. "సరైన చోటే ఉంది మాస్టారూ. కూర్చోండి" అన్నారు. ఆ గొంతు విన్నాక పెదనాన్నకి అర్థమైంది. కుర్చీకోసం చెయ్యి చాపారు, కుర్చీ అందలేదు. వరండాలోంచి అక్క లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. బయట హెడ్‌మాస్టరుతో ఏం మాట్లాడారో తెలియదుగానీ వెళ్ళేటప్పుడు అక్కతో, "నువ్వు చదువుకోమ్మా" అని చెప్పి వెళ్ళారు.

తర్వాత గుంటూరులో మెడికల్ బోర్డు, ఉద్యోగానికి పనికిరాడని కాయితం. అట్లాంటివాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారని తెలిసి క్వార్టర్స్ అంతా అది సుశీలకే అనుకున్నారు. పెద్దమ్మ మాత్రం కొడుకు పేరే రాయించింది. పంపు దగ్గర మా అమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏంది వదినా, ఇంతకాలం స్కూల్లో నిలబడింది ఆ పిల్లయితే ఉద్యోగం వాడికా?"

"అదే వద్దంటంది. అడుగు పోయి. నేనేమన్నా గొంతు పిసికానా?" అని పెద్దమ్మ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నేను పోయి అడిగాను. "అన్నకే అవసరం. నాకొద్దు" అంది అక్క, ఆరేసిన చీర మడతపెడుతూ. పెద్దమ్మే బలవంతం చేసి ఉంటుందని నేను నమ్మాను. చాలా ఏళ్ళు అట్లాగే నమ్మాను. శ్రీనన్న గుంటూరులో ఆఫీసులో చేరాడు. అక్కకి మాచర్లలో వెల్డింగ్ షాపు నడిపే ఆయనతో పెళ్ళయింది. అక్క వెళ్ళాక పిల్లలు ఆ ముందుగదికి రావడం మానేశారు. నేను కాలేజీనుంచి సెలవులకి వచ్చినప్పుడు చూస్తే పెదనాన్న నాపరాళ్ళ మీద ఒక్కరే కూర్చుని, అతుకులు తడుముకుంటూ చింతగింజలు పెట్టుకునేవారు. పెద్దమ్మ ఊడుస్తూ వచ్చి వాటిని చేటలోకి ఎత్తేది. ఆయన మళ్ళీ మొదలుపెట్టేవారు. నా చదువు పూర్తికాకముందే ఆయన పోయారు.

సుశీలక్కకి కూడా చూపు తగ్గుతోందని నేను నడివయసులో విన్నాను. కొన్నేళ్ళ కిందట మాచర్ల వెళ్ళి నాలుగు రోజులు ఆమె దగ్గర ఉన్నాను. అప్పటికి ఆమెకి కిటికీ ఎటుందో తెలిసేది, అంతే. మధ్యాహ్నం వరండాలో చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నప్పుడు, కడుపులో ఉన్నది ఆపుకోలేక, ఆ ఉద్యోగం నీకు రావాల్సింది అక్కా, పెద్దమ్మ అన్యాయం చేసింది అన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"అమ్మనేమీ అనబాక రమా. ఉద్యోగంలో చేరాలంటే కళ్ళు చూస్తారుగా" అంది.

"చూస్తే?"

"ఆ ఆఫీసరు వచ్చినరోజు కిటికీ కాడ నిలబడ్డానా. అప్పటికే నాకు తెలుసు. పొద్దుగూకితే మెట్టు కనపడేది కాదు. బోర్డు మధ్యలో చుక్క పెడతంటే అంచులు కనపడేవి కాదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నాన్న బతుకుతాడా? తన కళ్ళే నాకొచ్చినయ్యని తెలిస్తే ఆ రోజే పోయేవాడు. అమ్మ ఊళ్ళో వాళ్ళతో మాటలు పడింది, పడనీ అనుకున్నా. పెళ్ళికి ముందు మీ బావకి ఒక్కడికే చెప్పా. రాత్రిళ్ళు నేనెట్టాగూ షాపులోనే ఉంటా, పగలు కనపడితే చాల్లే అన్నాడు." అక్క నవ్వింది. "చూపు ఏడాదికింతని తగ్గలా. ఉన్నదాంట్లో సగం పోయిద్ది, మిగిలినదాంట్లో మళ్ళీ సగం. మొదట్లో చానా పోతది, భయమేస్తది. ఇప్పుడు పోయేదానికి ఎక్కువ లేదు, అందుకని అంత తెలవట్లా." అని మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది. పుచ్చు కాయల్ని వేళ్ళతోనే పట్టి పక్కన పడేస్తోంది.

పెద్దకర్మ అయిన సాయంత్రం బంధువులంతా వెళ్ళాక అక్క కూతురు లత నా పక్కన వచ్చి కూర్చుంది. దానికి ఇద్దరు పిల్లలు. తల్లి తనతో అంతా చెప్పిందట, పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోమని బతిమాలిందట. "భయమేసి పోలేదు పిన్నీ. నువ్వొస్తే పోతా" అంది. ఆ తర్వాతి వారం గుంటూరు వెళ్ళాం. పెదనాన్న కాలంలో ఆ జబ్బు పేరు మాకెవరికీ తెలియదు, ఆకుకూరలుండేవి. ఇప్పుడు పొడవాటి పేరుంది. కంటి వెనక భాగం ఫోటో తీసి తెరమీద పెద్దదిగా చూపించే మిషనుంది, ఏ తరంనుంచి ఏ తరానికి వస్తుందో బొమ్మ గీసి చెప్పే డాక్టరమ్మ ఉంది. ఆవిడ చాలా ఓపికగా, కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పింది. లతకి ఉంది. ఇంకా మొదటి దశ, నెమ్మదిగా నడుస్తోంది, ఇంకా చాలా ఏళ్ళు పనికొచ్చే చూపు ఉంటుంది. మందు లేదు. పరిశోధనలు జరుగుతున్నాయి. పిల్లలిద్దరికీ ఎప్పుడో ఒకప్పుడు చూపించాలి. పెదనాన్నకి ఇవన్నీ ఎవరైనా చెప్పి ఉంటే ఆయన ఎట్లా బతికేవారో అని ఆలోచించాను. తెలియకపోవడంవల్ల ఆయన కూతురి భుజం పట్టుకుని ధీమాగా స్కూలుకి నడిచారు. తెలిసినందువల్ల అక్క తండ్రిని కాపాడింది, తనకి రావాల్సినవన్నీ వదిలేసుకుంది. రెంటిలో ఏది మేలో ఈ వయసులో కూడా నేను చెప్పలేను. నాకు తెలిసిందల్లా ఆ ఇంట్లో అందరి కోసం అక్క దాన్ని ఒక్కతే దాచిపెట్టిందని.

లతని ఒక్కదాన్నీ పంపబుద్ధి కాక మాచర్ల రైల్లో నేనూ ఎక్కాను. పరీక్షకి వేసిన చుక్కల మందువల్ల దానికి ఇంకా అన్నీ మసగ్గానే ఉన్నాయి. సత్తెనపల్లి దాటింది. తర్వాత, "పెద్దదానికి ఎనిమిదేళ్ళు పిన్నీ. వయసొచ్చాక చెప్పాలిగా. ఎట్టా చెప్పాలి?" అని అడిగింది. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. బయట పత్తిచేలమీద పొద్దు కుంకుతోంది, పెట్టెలో ఇంకా దీపాలు వెలగలేదు. లత కిటికీ ఊచలకి నుదురానించి, రెప్ప వేయకుండా బయటికే చూస్తూ కూర్చుంది. ఏం కనపడుతోందని నేను అడగలేదు.